పానకాలు మాస్టారు పెంచిన ఆటగాడు

మంగళగిరి నేతవీధిలో పుట్టిన పానకాలు మగ్గం మీద కూర్చోవడం చేతకాక పటాలంలో చేరాడు. అక్కడే బాస్కెట్ బాల్ నేర్చుకున్నాడు. పంతొమ్మిది వందల యాభై ఆరులో తిరిగొచ్చాక, చీరాల దగ్గరి ఒక పొగాకు కంపెనీ తమ జట్టుకు ఆట నేర్పమని ఆయన్ను కొలువులో పెట్టుకుంది. ఆట నేర్పడమే ఉద్యోగంగా బతికే మనిషిని ఆ చుట్టుపక్కల ఎవరూ చూసి ఉండలేదు. "ఇంతకీ నువ్వు చేసే పనేమిట్రా?" అని కన్నతల్లే అడిగేది.

చలమయ్యను ఆయన అద్దంకిలో చూశాడు. కింద నిలబడే మిరపకాయల బస్తాలు బండి పైదాకా అందిస్తున్న పొడగరి. అతని తండ్రి చుట్టూ పదేపదే తిరిగి, పూచీ నాదని మాటిచ్చి, తన ఇంటికే తెచ్చుకున్నాడు. పానకాలు భార్య రాజ్యం, పిల్లల్లేని మనిషి, ఆ కుర్రాడికి జ్వరమొస్తే మంచం పక్కనే కూర్చునేది. బంతి పట్టడం రానివాడు జట్టు నాయకుడయ్యాడు. అరవై రెండులో గుంటూరు పోటీల్లో గెలిచినప్పుడు మాస్టారిని భుజాల మీద ఎత్తుకుని మైదానమంతా తిరిగాడు.

మరుసటి ఏడు కొత్త మేనేజరు వచ్చి, తన బావమరిదిని జట్టులో ఆడించమన్నాడు. ఆట రానివాణ్ణి ఆడించనని పానకాలు మొహం మీదే చెప్పాడు. వారం తిరక్కుండా మేనేజరు పిలిపించి, మీరు ఆటగాళ్ళను కొడుతున్నారని ఫిర్యాదు వచ్చింది, ఇక రానక్కర్లేదన్నాడు. పానకాలు ఎన్నడూ ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. ఎవరు చెప్పారని అడిగితే మేనేజరు కిటికీలోంచి చూపించాడు. చలమయ్య మెడలో ఈల వేసుకుని జట్టును పరుగెత్తిస్తున్నాడు.

పానకాలు వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. చలమయ్య తల ఎత్తలేదు.

"నేను కాకపోతే ఇంకొకణ్ణి పెట్టేవాళ్ళు మాస్టారూ."

"ఇంకొకడైతే ఇంటికెళ్ళి అన్నం తిని పడుకునేవాణ్ణిరా," అన్నాడు పానకాలు.

రాజ్యంతో ఉద్యోగం పోయిందని మాత్రమే చెప్పాడు. ఎవరివల్లో చెప్పడానికి నోరు రాలేదు. సామాను కోసం చలమయ్య వేరే మనిషిని పంపినప్పుడు ఆవిడకే అర్థమైంది. అతని బట్టలు మడతపెట్టి ఇచ్చి, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

ఇద్దరూ మంగళగిరి వచ్చేశారు. నేతవాళ్ళు పొద్దున పడుగు దారాలు చాచే స్థలం సాయంత్రం ఖాళీగా ఉండేది. పానకాలు అక్కడ తాటిదూలం పాతి, కమ్మరి చేత ఇనుప చట్రం గుండ్రంగా చేయించి పైన బిగించాడు. మగపిల్లలు నాలుగు రోజులు ఆడి మానేశారు. ఆడపిల్లలు మానలేదు. తల్లులు సణిగారు, తర్వాత వాళ్ళే అరుగులెక్కి చూడసాగారు. తర్వాతి ఏళ్ళలో జిల్లాలో ఆడపిల్లలకు ఈ ఆట నేర్పినవాళ్ళలో చాలామంది ఆ వీధి పిల్లలే.

నేర్పడంలో ఆయన ఏమీ దాచుకోలేదు. కానీ ఎవర్నీ ఇంటికి రమ్మనేవాడు కాదు. ఆట అవగానే పంపేసేవాడు.

అరవై ఏడులో మల్లేశ్వరి అనే పిల్ల రాష్ట్ర జట్టుకు ఎంపికై, అరటిపళ్ళు పట్టుకుని పరుగున వచ్చింది. పానకాలు గడపలోనే నిలబడి పళ్ళందుకున్నాడు.

"సంతోషం అమ్మా. పొద్దుపోతోంది, ఇంటికెళ్ళు."

ఆ పిల్ల వెనుదిరిగింది.

"పాపం, ఆ పిల్లేం చేసిందండీ?" అంది వెనకనుంచి రాజ్యం.

"ఏమీ చెయ్యలేదు," అన్నాడాయన, వీధి మలుపు తిరిగేదాకా మల్లేశ్వరినే చూస్తూ.