కింద గొట్టంలో రెండు సూతులు

మా నాన్న చేసిన ఆఖరి సైకిల్‌కి సీటు లేదు. ఈ మాట చెబితే జనం నవ్వుతారు. నవ్వనీండి, నాకేం పోయింది. మర్చిపోయి వదిలేసిన సీటు కాదది, ఆలోచించి తీసేసింది. ఆ సైకిల్ మీద కూర్చునే పనే లేదు. నిలబడి, కాలు నేలకి ఆనకుండా, రాళ్ళ మీదకీ దుంగల మీదకీ ఎక్కించి దించాలి.

ఎనభైల నడుమ మాట ఇది. మేము ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే పేటలో, రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్న వర్క్‌షాపులో వెల్డరు. గ్యాసు మంట మీద ఇత్తడి కరిగించి గొట్టానికి గొట్టం అతకడానికి, అదే బ్రేజింగ్‌కి, ఆయన చెయ్యి పెట్టింది పేరు. ఆ మంటని చూసి చూసి పోయాయో, మరే జబ్బో తెలీదు గానీ, నలభై ఎనిమిదో ఏట కళ్ళు మసకబారాయి. దూరాన మనిషి ఆకారం పోల్చుకునేవాడు, దగ్గర వస్తువు కనబడేది కాదు. డాక్టర్లు రెండు నెలలు తిప్పించుకుని డీకేటగరైజ్ చేశారు. అంటే ఉద్యోగం ఉంటుంది, చేసే పని ఉండదు. టైమ్ ఆఫీసు కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పొద్దున్న వచ్చే వాళ్ళకి హాజరు టోకెన్లు అందించమన్నారు. బిళ్ళ మీద నంబరు వేలితో తడిమి అందించేవాడు. నిన్నటిదాకా తనతో పనిచేసిన వాళ్ళు ఆ కిటికీలోంచి చెయ్యి చాపేవారు. ఇంటికొచ్చి ఏమీ మాట్లాడేవాడు కాదు.

నాన్నకి పని నేర్పిన చార్జ్‌మన్, అంటే వర్క్‌షాపులో మేస్త్రీల పైవాడు, ఒకాయన ఉండేవాడు, శ్రీకాకుళం వైపు మనిషి. ఒక ఆదివారం వచ్చి అరుగు మీద కూర్చుని అసలు సంగతి చెప్పాడు. "అప్రెంటిస్ కుర్రోళ్ళకి బ్రేజింగ్ నేర్పడానికి మడిసి కావాల. నోరూ సెయ్యీ ఉంటే సాలు, కళ్ళు ఆళ్ళవే వాడుకుందువు. కానీ వర్క్‌షాపు సాహెబు ఊరికే ఒప్పుకోడు. నీ సేత్తో సేసిన పనొకటి నలుగురికీ సూపించు. అప్పుడు నేను మాటాడతాను."

ఆ కిటికీ నుంచి బయటపడడానికి నాన్నకి దొరికిన దారి అదొక్కటే. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు.

అదే ఏడాది మా అన్నయ్యకి కొత్త సైకిల్ కావలసి వచ్చింది. జనవరిలో సెటిల్‌మెంట్ కాలనీ మైదానంలో ఆటల పోటీలు జరిగేవి. అందరికన్నా ఆలస్యంగా వచ్చినవాడు గెలిచే స్లో సైకిల్ పోటీలో ఏటా మా అన్నయ్యదే మొదటి బహుమతి. జనానికి విసుగొచ్చి, ఆ ఏడాది కమిటీవాళ్ళు కొత్త పోటీ పెట్టారు. పట్టాల కింద వేసే పాత చెక్క స్లీపర్లు, కంకర గుట్ట, చివర ఒక డ్రమ్ము. వాటన్నిటి మీదుగా సైకిల్ పోవాలి, కాలు కింద పెడితే ఔట్. అన్నయ్య గోల్‌బజార్‌లో పాత కాయితాల దుకాణం నుంచి ఏదో విదేశీ పత్రిక పేజీ చింపి తెచ్చాడు. అందులో ఒకడు బండరాయి కొస మీద సైకిల్‌తో నిలబడి ఉన్నాడు.

"ఇలాటిది సెయ్యగలవేటి?" అని నాన్న ముందు పెట్టాడు.

నాన్నకి ఆ బొమ్మ కనబడదు. నేను చెప్పాలి. నాకప్పుడు పదిహేడేళ్ళు. చిన్నప్పటి నుంచీ నాన్న పక్కన కూర్చుని ఆకురాయి పట్టినదాన్ని. రంపం పట్టుకోవడం, గొట్టం చివర చేప నోరులా గుండ్రంగా అరగదీయడం, అన్నీ నాకు వచ్చు. ఆడపిల్లకి ఇదేం విద్య అని మా అమ్మ తల కొట్టుకునేది.

"పెడల్ ఇరుసు పైనుందా, సక్రం ఇరుసు పైనుందా?" అని అడిగాడు నాన్న.

"పెడల్‌దే పైనుంది నాన్నా."

"అదీ. మన సైకిళ్ళకి కిందుంటది. కిందుంటే పెడల్ పోయి స్లీపర్‌కి తగులుద్ది."

అలా ఒక్కొక్కటీ అడిగాడు, ఒక్కొక్కటీ తేల్చాడు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో మళ్ళీ మాటలు వినబడ్డాయి. అన్నయ్య పిల్లల సైకిల్ చక్రాలు పెడదామన్నాడు. నాన్న ఒప్పుకోలేదు, చిన్న చక్రం దుంగకి గుద్దుకుని ఆగిపోతుంది, పెద్దదైతే ఎక్కుతుందన్నాడు. మరీ పెద్దదైతే సైకిల్ పొడుగైపోయి ఉన్నచోట తిరగదు. చివరికి ఇరవైనాలుగు అంగుళాల చక్రాలకి ఇద్దరూ సరే అన్నారు. పెడల్ ఇరుసు అంగుళం పైకి. దానివల్ల మనిషి ఎత్తులో నిలబడతాడు, తూలతాడు, ఆ తూలుడు ఆపుకోవడం నీ పనేరా అన్నాడు నాన్న. వెనక చక్రాన్ని బాగా ముందుకి లాగారు, అప్పుడు హ్యాండిల్ పట్టి గుంజితే ముందు చక్రం ఇట్టే లేస్తుంది. హ్యాండిల్ తిరిగే ముందు గొట్టం మామూలు సైకిల్‌కి వెనక్కి వాలి ఉంటుంది, దాన్ని నిటారు చేశారు. పై గొట్టం కిందకి దించేశారు, మోకాలికి అడ్డం రాకుండా.

ఇన్ని చేశాక బరువంతా ఒకే చోటికి వచ్చి పడింది. పైనుంచి దూకినప్పుడు ఆ దెబ్బ తినేది కింద గొట్టం ముందు గొట్టాన్ని కలిసే అతుకు. అక్కడ ఒక ఇనప పట్టీ వేస్తే మంచిదని నేనన్నాను.

"నా అతుక్కి పట్టీ ఏటే?" అన్నాడు. అన్నయ్య కూడా బరువెక్కువవుతుందన్నాడు. పట్టీ వేయలేదు.

న్యూ సెటిల్‌మెంట్ కాలనీ అవతల ఒక బెంగాలీ దాదా సైకిల్ షాపు ఉండేది. సెలవు రోజు షాపు మూసి, గ్యాసు సామానూ పాత సైకిళ్ళ గొట్టాలూ మాకు వదిలేసి, "ఠీక్ హై మిస్త్రీ, ఆరామ్‌సే కరో" అని, నింపాదిగా చేసుకోమని, భోజనానికి వెళ్ళిపోయాడు. అన్నయ్య చక్రాల కోసం పోయాడు. షాపులో నేనూ నాన్నా మిగిలాం.

పై గొట్టం కోసి బిగించడం అయింది. కింద గొట్టానికి నాన్న వేళ్ళతో కొలిచి, గోటితో చోటు పట్టుకుని, సుద్దతో గీత పెట్టాడు. నేను రంపం అందుకున్నాను. షాపు వెనక పట్టాల మీద గూడ్సు బండి పోతోంది. నాన్న నాకు వీపు తిప్పి గ్యాసు సరిచేసుకుంటూ అరిచాడు. రెండు సూతు కొయ్యి అని వినబడింది నాకు.

అంగుళానికి ఎనిమిది సూతులు. వర్క్‌షాపు ఇళ్ళలో పిల్లలకి సెంటీమీటర్ల కన్నా ముందు సూతులు వస్తాయి. గీత తప్పు పెట్టి ఇప్పుడు సరిచేస్తున్నాడు కాబోలు అనుకుని, గీతకి లోపలగా రెండు సూతులు తీసేశాను. అరగదీసి పెట్టి చూస్తే గొట్టానికీ గొట్టానికీ మధ్య పావు అంగుళం సందు. చిటికెన వేలి కొస దూరేలా ఉంది.

కళ్ళే కాదు, లెక్క కూడా తప్పుతున్నాడు అనుకున్నాను. చెబితే ఏమవుతుంది? మంట ఆర్పేసి, రేపు పొద్దున్నే పోయి కిటికీ దగ్గర కూర్చుంటాడు, మళ్ళీ గ్యాసు ముట్టుకోడు. ఆయన పరువు నేనే కాపాడాలనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. మూల పడున్న నూనె డబ్బా రేకు కత్తిరించి, సందు చుట్టూ చుట్టేశాను.

"గొట్టం సరిగ్గా కూకుందేటే?" అని అడిగాడు.

"కూకుంది నాన్నా."

అంత తేలిగ్గా అబద్ధం ఆడగలనని నాకు అంతవరకూ తెలీదు. ఆయన మంట పట్టాడు, నేను "ఇటు, ఇంకొంచెం ఇటు" అని చెప్పాను. ఒక ఇత్తడి పుల్ల అయిపోయింది. రెండోది సగం అయింది.

"ఏటే, ఇంతలా తాగతంది?"

"పాత గొట్టం కదా నాన్నా."

తర్వాత మిగతా సగం కూడా పోశాడు. చల్లారాక ఆ అతుకుని నున్నగా అరగదీసింది నేనే. ఆకురాయి పనిలో నాకు వంక పెట్టేవాడు లేడు. పసుపు రంగు వేసి ఎండలో పెడితే, దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. చార్జ్‌మన్ కూడా వచ్చి, అతుకు మీద బొటనవేలు రాసి, "నీ సేతిలో పని ఎక్కడికీ పోనేదురా" అన్నాడు. నాన్న చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నాడు. ఆ వారం మా అమ్మ కూడా నన్ను తిట్టలేదు.

పోటీ రోజు మైదానం నిండా మా వాళ్ళే. అన్నయ్య స్లీపర్లు ఎక్కి దిగాడు. కంకర గుట్ట మీద ఒక్కచోట నిలబడి, ముందు చక్రం ఎత్తి, సైకిల్‌ని అటు నుంచి ఇటు తిప్పాడు. అబ్బో, అని జనం కేకలు. నాన్న నా భుజం పట్టుకుని "ఇప్పుడేటి, ఇప్పుడేటి" అని అడుగుతున్నాడు, నేను చెబుతున్నాను. డ్రమ్ము మీదకి ఎక్కాడు. అక్కడి నుంచి కిందకి దూకాడు. ముందు చక్రం నేలకి తగలగానే కింద గొట్టం ఊడి, సైకిల్ నోరు తెరుచుకుంది. అన్నయ్య ముఖం కంకర మీద పడింది.

నెత్తుటి నోటితో లేచాడు. ముందు పళ్ళు రెండు లేవు. "గుడ్డోడి సేత సైకిల్ సేయించుకుంటే ఇంతే!" అని అందరూ వినేలా అరిచాడు.

నాన్న తడుముకుంటూ వెళ్ళి సైకిల్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. విరిగిన చోట వేళ్ళు పెట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఇత్తడిలోంచి రేకు ముక్క పీకి, గుప్పిట్లో మూసి, జేబులో వేసుకున్నాడు. చార్జ్‌మన్ వచ్చేసరికి ఆ రేకు అక్కడ లేదు, సందు మాత్రం ఉంది.

"ఇంత సందుంటే అతుకెలా ఏసినావురా? సూసుకోనేదేటి?"

"నేదు బాబూ. కనబడ్నేదు."

అంతమందిలో ఆ మాట అన్నాడు. నేను పది అడుగుల దూరంలో తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఏడుపు రాలేదు, భయం వేయలేదు. అన్నయ్య పళ్ళు వెతకమన్నారు, వంగి కంకరలో వెతికాను. ఒకటి దొరికింది. ఇంటికొచ్చాక ఆకలేసింది, తిన్నాను. ఆ తిండి తిన్నందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

చార్జ్‌మన్ మళ్ళీ సాహెబు మాట ఎత్తలేదు. అప్రెంటిస్‌లకి ఎవరో కొత్తాయన వచ్చాడు. నాన్న రిటైరయ్యేదాకా తొమ్మిదేళ్ళు ఆ కిటికీలోంచే టోకెన్లు ఇచ్చాడు. అన్నయ్య పళ్ళు కట్టించుకుని, వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరి, ఆ కథ నవ్వుతూ చెప్పుకునేవాడు. నేను తెలుగు బడిలో లెక్కలూ తెలుగూ చెప్పే టీచర్నయ్యాను. తప్పు నాన్నదే, నేను కప్పిపుచ్చానంతే అని నాకు నేను చెప్పుకునేదాన్ని. అది చెప్పుకున్నంత కాలం నిద్ర బాగానే పట్టేది.

నాన్న రిటైరయ్యాక, తొంభైలలో, మేము ఆ ఊళ్ళోనే సుభాష్‌పల్లిలో అద్దెకుంటున్నాం. ఒక చలికాలం మధ్యాహ్నం ఇద్దరం ఎండలో కూర్చుని బటాణీలు వొలుస్తున్నాం. నాన్న ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ రేకు ఎందుకెట్టినావే?"

ఏ రేకని నేను అడగలేదు. "నువ్వు రెండు సూతు కొయ్యమన్నావు కదా. కోస్తే సందొచ్చింది. చెబితే నువ్వు బాధపడతావని..."

ఆయన వొలవడం ఆపేశాడు. "రెండు సూతు అని నేనన్నేదు కదే. గీత కాడికే కదా కోత. రెండూ సూత్తూ కొయ్యి అన్నాను. బిగించిన పై గొట్టం, కోసే కింద గొట్టం, రెండూ సూత్తూ."

చూస్తూ. ఆయన నోట అది సూత్తూ. పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న మాట. బళ్ళో పిల్లలు అలా రాస్తే ఎర్ర సిరాతో దిద్దే మాట.

"నేనేటనుకున్నానంటే," అన్నాడు నాన్న, "నీ సెయ్యి తప్పినాదనుకున్నాను. ఆడపిల్లవి, ఆళ్ళందరి ముందూ నీ పేరు పోకూడదని కనబడ్నేదన్నాను. మరి నీకు తేడాగా తోచినప్పుడు అడగాల కదే, ఎందుకు నానా రెండు సూతులని?"

నా దగ్గర జవాబు ఉంది.

"నువ్వే పొరపాటు పడ్డావనుకున్నాను."

ఆయన తల ఊపాడు. పళ్ళెం కోసం చెయ్యి చాపి, అది దొరక్క, మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అందరూ అనుకున్నదే నువ్వూ అనుకున్నావన్నమాట."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు బాగుండేది. డాక్టర్లు ఆయన కళ్ళు పోయాయని మాత్రమే రాసిచ్చారు. ఆయన పనితనం పోయిందని తేల్చింది నేను, అదీ ఒక్క మాట అడగకుండా.