నాగసానిని వెతుక్కుంటూ నల్గొండ నుంచి మహబూబ్‌నగర్ దాకా

నల్గొండ నుంచి మహబూబ్‌నగర్‌కు బస్సులో వెళ్లడం ఎలా అని ఈ బ్లాగు చదివేవాళ్లు కొందరు అడిగారు. ఆ దారిలో నేను చాలాసార్లు తిరిగాను కానీ, మొదటిసారి వెళ్లింది మాత్రం అనుకుని కాదు. తొంభైల చివర్లో ఒక శుక్రవారం, కంప్యూటర్ ఆట ఆడదామని ఇంట్లోంచి బయలుదేరి, సాయంత్రానికి పేరైనా తెలియని మనిషి కోసం పరాయి ఊళ్లో దవాఖాన మెట్లెక్కాను.

అప్పుడు నేను దేవరకొండలో టైపు నేర్పేదాన్ని. డిగ్రీలో నాతో చదువుకున్న ఖలీల్ నల్గొండలో కంప్యూటర్ సెంటర్ పెట్టుకున్నాడు. హైదరాబాద్‌లో ఉండే వాళ్ల బావ ఒక కొత్త ఆట తయారుచేశాడట. అందులో బొమ్మలుండవు, అంతా రాతే. వేర్వేరు ఊళ్లలో కూర్చున్నవాళ్లు ఫోన్ లైను మీద ఒకే కోటలో చేరి, తలా ఒక పాత్రయి మాట్లాడుకుంటూ ముందుకు పోవాలి. మొదటిసారి ఆడినవాళ్లకు ఎలా అనిపిస్తుందో ఆయనకు తెలియాలి. "నీ వేళ్లు ఉరుకుతయ్ గద, ఒక్క పూట రా" అని ఖలీల్ కబురు పెట్టాడు. ఉదయం ఆరున్నర బస్సెక్కాను. కొండమల్లేపల్లిలో ఆగినప్పుడు ఒక చాయ్ తాగి, ఎనిమిదిన్నరకల్లా నల్గొండలో దిగాను. టికెట్ ఇరవై రూపాయల లోపే ఉన్నట్టు గుర్తు.

మోడెం కీచుకీచుమని అరిచి అరిచి, పదింటికి లైను కలిసింది. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మాటలు వచ్చాయి: "మీరు కోట వాకిట నిలబడి ఉన్నారు. గాలి వీస్తోంది." నా పాత్ర దారి చూపే లక్కమ్మ. 'పో' అని కొడితే నడుస్తుంది, 'తీసుకో' అంటే వస్తువు సంచీలోకి వస్తుంది, 'పంపు' అంటే ఆ వస్తువు అవతలి పాత్రకు చేరుతుంది. ఇంతేనా అనుకుంటుండగా కింద ఇంకో వరస పడింది. "నాగసాని వచ్చింది." ఆ వెంటనే, "ఎవరక్కడ? దారి చూపేదానవైతే దీపం పట్టి ముందు నడువు!"

నేను ఖలీల్ వైపు తిరిగాను. "ఖలీల్, ఇది మిషన్ రాస్తుందా, మనిషా?"

"మనిషే. పాలమూరుల కూసున్నరు. గాడ సెంటర్ నా దోస్తుదే." పాలమూరంటే మహబూబ్‌నగరే. ఇక్కడివాళ్లు ఇప్పటికీ అలాగే అంటారు.

"ఆడామె? మొగాయన?"

"తెల్వది. ఆటల అసలు పేరు అడగొద్దని బావ చెప్పిండు."

హైదరాబాద్ నుంచి చేరాల్సిన ఇద్దరికి ఆ పూట లైను దొరకలేదు. కోటలో మేమిద్దరమే. గంటసేపు నాగసాని నన్ను పరుగెత్తించింది. కత్తి తెమ్మంది, కావలివాళ్లకు అబద్ధం చెప్పమంది, భయపడితే గద్దించింది. ఎక్కడో వంద మైళ్ల అవతల కూర్చున్న మనిషి నా మాట కోసం ఆగుతోందనిపించి, జవాబు రావడం క్షణం ఆలస్యమైనా తెర మీదికి వంగేదాన్ని. తరుముతున్న భటుల్ని తప్పించుకోవడానికి ఆమెను ఒక గుహలోకి తీసుకెళ్లింది నేనే. భటులు గుహ వాకిట్లో మంట పెట్టారు. "ఈ పొగలో ఊపిరి సలపకున్నది, లక్కమ్మా!" అని రాసింది నాగసాని. ఖలీల్ చప్పట్లు కొట్టాడు.

ఆ తర్వాత రెండు నిమిషాలు ఏమీ రాలేదు. మళ్లీ వరస పడింది. "ఊపిరి ఆడతలేదు." ఇంకాసేపటికి ఒక్క మాట: "పంపు."

నా సంచీలో మందు వేరు ఉంది. పంపాను. "లక్కమ్మ పంపిన వేరు నాగసానికి అందింది" అని తెర చెప్పింది. "బతికిచ్చినవ్ పో!" అని ఖలీల్ నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పుడు వచ్చింది ఆ వరస, మాటల మధ్య ఖాళీ లేకుండా: "పంపుఇంట్లఉంది."

ఇంట్లనా? గుహలో ఇల్లెక్కడిది? పైగా అంతసేపూ రాజసంగా రాసిన మనిషి ఉన్నట్టుండి మా ఇళ్లల్లో మాట్లాడినట్టు రాస్తోంది. మా తమ్ముడికి ఉబ్బసం. వాడు నోట్లో కొట్టుకునే మందును మా ఇంట్లో పంపు అనే అంటాం.

"ఖలీల్, గది ఆట గాదు. ఆ మనిషికి నిజంగనే దమ్ము లేచింది. ఫోన్ చెయ్!"

"ఎట్ల చేస్త? గాళ్ల ఫోన్ మీదనే ఆట నడుస్తాంది. ఎంగేజ్ వస్తది."

"నీ పక్కన ఎవరున్నారు?" అని కొట్టాను. "ఎవరులేరు" అని వచ్చింది. చాలాసేపటికి "గడియ" అని వచ్చింది. తలుపు లోపలినుంచి వేసి ఉందన్నమాట. ఖలీల్ డైరీ తిరగేశాడు. సొంత ఫోన్ రాకముందు ఆ దోస్తు ఇచ్చిన పక్కవాళ్ల నంబరు, మేం పీపీ నంబరు అనేది, అందులో ఉంది. సెంటర్ కింద ఉన్న దర్జీ దుకాణానిది. కానీ ఫోన్ చేయాలంటే మా లైను తెంపాలి. తెంపితే ఆమెతో మాట పోతుంది. ఆటలోంచి ఎవరు పోయినా తెర మీద పడుతుంది కూడా. మేం వదిలేసి పోయామనుకుంటే? "ఫోన్ చేస్తున్నం. పోతలేం. గడియ తీయి" అని కొట్టి, లైను తెంపమన్నాను.

మూడోసారికి మోగింది. ఎత్తింది దర్జీ రహమత్ చాచా అని తర్వాత తెలిసింది. ఖలీల్ అరిచినట్టే చెప్పాడు. "పైన ఎవరో మేడం ఉన్నది. లైన్ల ఉండుండ్రి" అన్న గొంతు, తర్వాత ఉరుకుతున్న అడుగులు. ఎక్కడో ధనామని చప్పుడు. ఇంతలో లైను పోయింది. మళ్లీ చేస్తే ఎంగేజ్. ఆ గాబరాలో రిసీవర్ పక్కన పడేసి పోయి ఉంటాడు. అరగంట తర్వాత పాలమూరు పెద్ద దవాఖాన నంబరు కనుక్కుని చేశాం. "పేషెంట్ పేరు?" అని అడిగారు. మాకు తెలియదు.

"నేను పోత" అన్నాను. గుహలోకి తీసుకెళ్లింది నేను, నవ్వింది నేను. ఊరికే కూర్చోలేకపోయాను. ఖలీల్ ఫోన్ దగ్గరే ఉంటానన్నాడు.

పన్నెండుంబావుకు కల్వకుర్తి బస్సు దొరికింది. అది దేవరకొండ, డిండి మీదుగా పోతుంది. కల్వకుర్తిలో దిగి జడ్చర్ల మీదుగా పోయే మహబూబ్‌నగర్ బస్సెక్కాలి. రెండు టికెట్లూ కలిపి యాభై, అరవై మధ్య. దేవరకొండలో పది నిమిషాలు ఆగితే బస్టాండు ఎదుటి ఎస్‌టీడీ బూత్‌కు ఉరికాను. దర్జీ నంబరు ఇంకా ఎంగేజే. ఇంటికి పోదామా అని ఒక్క క్షణం అనిపించింది. బస్సు హారన్ కొడితే మళ్లీ ఎక్కాను. డిండి చెరువు ఎంత అందంగా ఉంటుందో రాయాలని ఉంది కానీ, ఆ రోజు నేను దాన్ని చూడనే లేదు.

"ఏమమ్మా, గట్ల కూసున్నవ్? ఎవలికన్న బాగలేదా?" అన్నాడు కండక్టర్.

"పాలమూరు దవాఖానల ఒకామె ఉన్నది."

"ఏమైతది నీకు?"

ఏమని చెప్పాలి? "తెలిసినామె" అన్నాను.

కల్వకుర్తి బస్టాండులోకి మేం వెళ్తుంటే మహబూబ్‌నగర్ బస్సు బయటికి వస్తోంది. మా కండక్టర్ తలుపులోంచి సగం బయటికి వంగి ఆగకుండా విజిల్ ఊదాడు. "ఆపు, ఆపు! దవాఖాన కేసున్నది! నువ్వు ఉరుకమ్మా!" ఆ బస్సు ఆగింది. థాంక్స్ చెప్పడానికి వెనక్కి తిరిగేసరికి ఆయన వేరేవాళ్ల మూట దించుతున్నాడు.

ఆరింటికి కాస్త ముందు మహబూబ్‌నగర్‌లో దిగి, అడుగుతూ అడుగుతూ దర్జీ దుకాణం చేరాను. షట్టర్ సగం దించి, తెల్లగడ్డం పెద్దాయన మెట్టు మీద కూర్చున్నాడు.

"నల్గొండ నుంచి ఫోన్ చేసినోళ్ల మనిషివేనా బిడ్డా?"

"అవును చాచా. ఎట్లున్నది?"

"దవాఖానల ఏసి వచ్చిన. అప్పటికి మాట లేదు. సెంటర్ పిలగాడు బ్యాంకుకు పోయిండట, వచ్చినంక గాడనే కూసున్నడు. మళ్ళ కబురు లేదు." ఆయన లేచి షట్టర్ పూర్తిగా లాగాడు. "నడువు, నేనూ వస్త." రిక్షాలో ఆయనే అన్నాడు: "గడియ సగం తీసి ఉండె బిడ్డా. ఒక్క గుద్దుకే వచ్చింది. లేకుంటే గా టేకు తలుపు నాతోని అయ్యేది కాదు."

ఆడవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం మీద యాభై ఏళ్లు దాటిన ఒకామె దిండ్లకు ఆనుకుని కూర్చుంది. సన్నటి మనిషి, మందపాటి కళ్లద్దాలు, నేత చీర. ఊపిరి ఇంకా ఈలలాగే వస్తోంది, కానీ వస్తోంది. నేను మంచం దగ్గర నిలబడి, ఎలా పరిచయం చేసుకోవాలో తెలియక, "నేను లక్కమ్మను" అన్నాను.

ఆమె నా చేయి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టుకుంది. పేరు సులోచన. ఆడపిల్లల బడిలో తెలుగు టీచర్. సెంటర్ నడిపే అబ్బాయి వాళ్ల చెల్లెలు చెబితే, బడికి సెలవులని సరదాగా వచ్చిందట. దుమ్ము రాకుండా తలుపేసుకుందట.

"పోతలేం అని రాసినవ్" అంది, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ. "గా కిందనే, లక్కమ్మ వెళ్లిపోయింది అని వచ్చింది. రెండిట్ల ఏది నమ్మాల్నో తెల్వలే బిడ్డా."

"ఏది నమ్మినవ్ టీచర్?"

"గడియ తీసిన గద" అంది.

నాకు ఏడుపొచ్చింది. రహమత్ చాచా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఆ పూట అదే ఊళ్లో ఉండే టీచర్ సొంత చెల్లెలి ఇంట్లో ఉండి, పొద్దున బస్సుకు తిరిగొచ్చాను.

ఆ ఆట నాకు ఎలా అనిపించిందని ఖలీల్ బావ తర్వాత ఉత్తరం రాశాడు. మనిషి కనబడకపోయినా మాట గుండెకు తగులుతుంది, అదే దాని గొప్ప, భయం కూడా అదే అని రాశాను. ఆడేవాళ్లు నిజంగా ఆపదలో పడితే చెప్పుకోవడానికి ఆటలో వేరే ఒక మాట పెట్టమన్నాను. పెట్టాడు. తెర మీది ఆపద నిజమా నటనా అని తేల్చుకోవడానికి ఆ రోజు మేం పోగొట్టుకున్న ఆ నిమిషాలు ఇప్పటికీ నాకు గుర్తొస్తాయి. సులోచన టీచర్ ఆ తర్వాత పదకొండేళ్లు బతికింది. నేను ఎప్పుడు వెళ్లినా జొన్నరొట్టె చేసి పెట్టేది. ఆ దారిలో అన్నిసార్లు తిరిగింది అందుకే.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. మీకు ఉబ్బసం లాంటిదేమైనా ఉంటే, బస్సెక్కగానే పక్క సీట్లో ఉన్నవాళ్లకు మీ పేరూ, మందు సంచీలో ఏ అరలో ఉందో చెప్పి కూర్చోండి.