కొమ్ముల రంగు పూసిన ఇంజన్

రాప్తాడు మెకానిక్ మేస్త్రి పోయాడని మొన్న సోమవారం బస్సులో తెలిసింది. కండక్టరు టికెట్టు చింపుతూ చెప్పాడు. రెండేళ్లుగా ఆయాసంతో మంచం మీదే ఉన్నాడు కాబట్టి నాకు ఆశ్చర్యం కలగలేదు. ఏడుపూ రాలేదు. దిగాల్సిన స్టాపు మాత్రం దాటిపోయాను.

హైవే పక్కన రేకుల షెడ్డు ఆయనది. బోర్డు ఉండేది కాదు. బండి తీసుకుపోతే ముందు స్పానర్ పట్టేవాడు కాదు, స్టూలు జరిపి మనల్ని కూర్చోబెట్టేవాడు. చివరిసారి బాగా నడిచింది ఎప్పుడు, ఆ తర్వాత ఏం పని చేయించావు, ఎవరు చేశారు అని ఒక్కొక్కటే అడిగేవాడు. ఏ డాక్టరూ నన్ను అన్ని ప్రశ్నలు అడగలేదు. తొందరపడేవాళ్లకు ఆయన దగ్గర ఒకటే జవాబు.

"బండి దానంతకది చెడిపోదప్పా. మనం యాడ చెయ్యి పెట్టినామో ఆడే ఉంటాది."

ఆ మాట విలువ నాకు తొంభైల చివర్లో తెలిసింది. వరుసగా రెండేళ్లు వేరుశెనగ ఎండిపోయింది. ఎద్దుల జతను అమ్మేసి పాత పెట్రోలు జీపు కొన్నాను. పెట్రోలు పోయించే తాహతు లేక దాని ఇంజన్ తీయించి, యాక్సిడెంటులో నుజ్జయిన ఇంకో బండి డీజిల్ ఇంజన్ పెట్టించాను. ఊళ్లనుంచి కదిరికి మనుషుల్ని తిప్పి బతకాలని నా ఆలోచన. ఎద్దులు కొట్టంలో గాటి నుంచి కదిలిన రోజే నాయన నాతో మాట మానేశాడు.

టెంకాయ కొట్టి తాళం తిప్పితే టక్కుమని ఒక చప్పుడు, అంతే. లైట్లు వెలిగాయి, హారన్ మోగింది, ఇంజన్ మాత్రం తిరగలేదు. బ్యాటరీ మార్చాను. ఇంజన్‌ను తిప్పే సెల్ఫ్ మోటారు విప్పించి బాగు చేయించాను. మళ్లీ అదే టక్కు. చివరికి ఊరివాళ్ల చేత తోయించి స్టార్ట్ చేసి, ఎక్కడా ఆపకుండా రాప్తాడుకు తోలుకుపోయాను. నాయన కూడా వచ్చాడు, మేస్త్రి కాదంటే దాన్ని అక్కడే పాత ఇనుముకు వేయించడానికి. అదే జరిగితే ఇంట్లో ఎద్దులూ ఉండవు, బండీ ఉండదు.

మేస్త్రి అడగాల్సినవన్నీ అడిగాడు. తోస్తే స్టార్ట్ అవుతుందని చెప్పగానే ఇంజన్ మంచిదేనని తేల్చాడు. బానెట్ ఎత్తి, యాక్సిలరేటర్ తీగ మీద రెండు వేళ్లు ఆనించి, తాళం తిప్పమన్నాడు. టక్కుమంది. చెయ్యి వెనక్కి లాక్కుని నన్ను పట్టుకు చూడమన్నాడు. తీగ కాలిపోతోంది.

"కరెంటు తిరిగి బ్యాటరీకి పోయేదానికి దారి ల్యా. ఈ సన్న తీగలో దూరుతాండాది" అన్నాడు. ఇంజన్‌ను బండి అడుగు చట్రంతో కలిపే ఎర్తు పట్టీ విప్పాడు. దాని కింద చిక్కటి నీలం రంగు, రెండు పూతలు. రంగులోంచి కరెంటు దాటదు. ఎవరు పూశారని అడిగాడు.

నేనే. ఎద్దుల కొమ్ములకు పూయగా మిగిలిన రంగు డబ్బా ఇంట్లో ఉంటే, పూజకు ముందు ఇంజన్‌కీ, అది కూర్చునే చోటుకీ, కనిపించిన ప్రతి ఇనుముకీ పూశాను. దాని మీదే పట్టీ బిగించాం. అది చెప్పేసరికి నాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మేస్త్రి నవ్వలేదు. సాండ్‌పేపరు నా చేతికిచ్చి, ఇనుము తెల్లగా కనపడే దాకా రుద్దమన్నాడు.

"పెద్దాయనా, ప్రేమగా పూసినాడు. పూయగూడని చోట గూడా పూసినాడు, అంతే" అన్నాడు నాయనతో. ఆ ఒక్క మాట నా తరఫున ఇంకెవరూ అనలేదు.

పట్టీ బిగించాక తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే ఇంజన్ అందుకుంది. నాయన బానెట్ మీద అరచెయ్యి పెట్టి, ఎద్దు వీపు నిమిరినట్టు నిమిరాడు. తర్వాత ఎక్కి నా పక్కన కూర్చున్నాడు.

"పోదాం పా" అన్నాడు. మూడు నెలల్లో నాతో అదే మొదటి మాట.

మేస్త్రికి చెప్పి వెళదామని చూస్తే ఆయన అప్పటికే పక్కనున్న లారీ కిందికి దూరాడు. పాదాలు మాత్రం బయట ఉన్నాయి. మా ఇంజన్ చప్పుడుకు తగ్గట్టు ఆయన కుడికాలి బొటనవేలు నెమ్మదిగా కదులుతోంది.