ఎర్ర బకెట్ పక్కన స్టూలు

ఈ రోజు మధ్యాహ్నం మా బ్లాకు కింద పైపులు మార్చేవాళ్ళు ఇనుము కోశారు. ఆ వాసన పదకొండో అంతస్తులో ఉన్న మా వంటింటి దాకా ఎక్కింది. కాలిన ఇనుము వాసన, దాని వెనకే సన్నగా కరిగిన ప్లాస్టిక్ వాసన. చిన్నవాడికి పెరుగన్నం కలుపుతున్న చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. పిల్లలు పడుకున్నాక ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను కానీ, మధ్యాహ్నం నుంచీ నేను ఈ ఇంట్లో లేను. రోడ్డుకు అవతల, మాధవరావు అంకుల్ గేటు ముందు నిలబడి ఉన్నాను. అప్పట్లో ఒక రోజు, గేటు చేరకముందే నాకు ఇనుము కోసే గ్రైండర్ మోత వినిపించింది. వినిపించకూడదు. నేను అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాక, నేను స్టూలు మీద కూర్చోనిదే ఆయన ఏనాడూ గ్రైండర్ ప్లగ్గు పెట్టలేదు. లోపలికి పరుగెత్తాను. ఎర్ర బకెట్ గోడ పక్కన బోర్లించి ఉంది. స్టూలు ఖాళీగా ఉంది. ఆయన కళ్ళకు అద్దాలు లేకుండా జీపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని బంపర్ ఎడమ మూలను కోస్తున్నారు. ఆ మూల కోసి, ఆకురాయితో నునుపు చేసి, ఇద్దరం చూసుకుని మురిసిపోయి అప్పటికే నెల దాటింది.

"అంకుల్! ఎవరూ చూడకుండా కోస్తున్నారేంటి?" అని అరిచాను.

ఆయన గ్రైండర్ ఆపి నా వైపు చూశారు. తర్వాత ఖాళీ స్టూలు వైపు చూసి నవ్వారు. "అదేటమ్మా, పొద్దుట్నుంచీ అమ్మాయి అక్కడే కూర్చునుంది కదా!"

ఆయన అమ్మాయి అనేది నన్నే.

మాధవరావు అంకుల్ మాకు చుట్టం కాదు. పాసిర్ రిస్‌లో మా బ్లాకుకు ఎదురుగా రోడ్డు దాటితే ఒక వరస పాత ఇళ్ళున్నాయి. వాటిలో చివరిది వాళ్ళది. అనకాపల్లి నుంచి పెళ్ళి కాకముందే ఈ దేశం వచ్చి, జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంటులో ఉద్యోగమంతా చేసి రిటైరయ్యారు. ఆంటీ ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగావిడ. ఆవిడ మాటల్లో సగం అరవం. పిల్లలు లేరు. పిల్లల స్థానంలో పోర్చిలో ఆ జీపు ఉండేది. మన ఫ్లాట్లలో ఉండేవాళ్ళకు బండి అంటే కార్‌పార్కులో ఏదో ఒక అంతస్తులో నిలిపి వచ్చే వస్తువు. దాన్ని ఇంటి ముందు పెట్టుకుని విప్పే మనిషిని నేను ఇక్కడ మరొకరిని చూడలేదు.

మొదటిసారి ఆ గేటు దగ్గరికి నేను తగువుకే వెళ్ళాను. చిన్నవాడు పుట్టాక ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్న రోజులవి. గ్యాస్ కట్టేశానా అని లిఫ్టు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేదాన్ని. కిటికీ ఊచలు గట్టిగా ఉన్నాయో లేదోనని రోజూ ఊపి చూసేదాన్ని. పిల్లలు నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టేదాన్ని. మా ఆయన కిరణ్ మంచివాడే. "నువ్వు ఊరికే ఆలోచిస్తావు, రిలాక్స్ అవ్వు" అనేవాడు. అమ్మ ఫోనులో హనుమంతుడికి దణ్ణం పెట్టుకోమనేది. ఆ సాయంత్రం ప్రామ్‌లో చిన్నవాడిని పడుకోబెట్టి పార్కు చుట్టూ తిప్పుతుంటే గ్రైండర్ మోతకు వాడు ఉలిక్కిపడి లేచి గుక్కపట్టాడు. కోపంగా వెళ్ళి గేటు కొట్టాను.

"అంకుల్, ఇక్కడ పిల్లలుంటారు. ఈ మోతేమిటి? ఆ నిప్పురవ్వలేమిటి? పక్కన ఎండుటాకులున్నాయి, చూశారా?"

ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి నన్ను పరీక్షగా చూశారు. క్షమించమంటారనుకున్నాను.

"ఎండుటాకులు చూసేవా?" అన్నారు. "మా ఆవిడ గంట నుంచీ ఇక్కడే నించుంది, ఆవిడకి కనపళ్ళేదు. ఇదిగో, నువ్వు కాసేపు ఇక్కడ కూర్చోగలవా?"

జీపు వెనక నుంచి ఆంటీ గొంతు. "అయ్యయ్యో, తగువుకొచ్చిన పిల్లకి పని చెప్తారా? సుమ్మా ఉండండి! నువ్వు లోపలికి రామ్మా, ఆయనకి మూళై లేదు, బుర్రే లేదు. పిల్లాడిని నాకివ్వు."

పిల్లాడిని ఆవిడ ఎత్తుకుంది. నేను స్టూలు మీద కూర్చున్నాను. ఇప్పటికీ నాకు అర్థం కాని సంగతి అది.

ప్లాంటులో ఇనుము కోసేటప్పుడు పక్కన ఒక మనిషిని నిలబెడతారట. ఆ మనిషి ఏ పనీ చెయ్యకూడదు. ఫోను చూడకూడదు, కబుర్లు చెప్పకూడదు, పనివాడికి సాయం కూడా చెయ్యకూడదు. రవ్వ ఎక్కడ పడుతోందో చూడడమే ఉద్యోగం. ఫైర్‌వాచ్ అంటారు. అంకుల్ దాన్ని కావలి అనేవారు. నీళ్ళ బకెట్, తడి గోనె, స్టూలు మీద కావలి, ఈ మూడూ కుదిరాకే ప్లగ్గు. కోత ఆగిన తర్వాత కావలి లేవకూడదు. రవ్వ ఏ సందులోనో పడి చాలాసేపటికి గాని అంటుకోదు. అప్పటికి అందరూ చేతులు కడుక్కుని వెళ్ళిపోయి ఉంటారు. అందుకని కోసినవాడే చివరికి వచ్చి, కోసిన చోట చేతి వెనక వైపు ఆనించి చూసి, "చల్లారింది, ఇక వెళ్ళు" అనాలి. ఆ మాట వినేదాకా స్టూలు వదలకూడదు.

అలా శనివారం పొద్దుటి పూటలు నావయ్యాయి. పిల్లలు గాజు తలుపు అవతల ఆంటీ దగ్గర మురుకులు తింటూ ఉండేవారు. మా పెద్దది మేధ ఆయన్ని జీప్ తాతయ్య అనేది. బండి సరిహద్దు దాటి మలేషియాలో పామాయిల్ తోటల బురదబాటల్లోకి వెళ్ళేది. అక్కడ గట్టు ఎక్కబోతే కంపెనీ ఇచ్చిన బంపర్ మూలలు ముందుగా నేలకు తగిలేవి. "ముందు టైరు తగలాలమ్మాయ్, మూతి కాదు," అనేవారు. కింది మూలలు రెండూ ఏటవాలుగా కోసి, వెనకనున్న ఇనప పట్టీ తగ్గించాలి. దానికి అనుమతి తెచ్చుకున్నారు. అయినా తొందరపడలేదు. మొదట అట్టముక్క కత్తిరించి బంపర్ మీద పెట్టి చూశారు. సుద్దతో గీశారు. గీత వెంట నీలం టేపు అంటించారు. నేను వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను.

"లే, లే. ఇవాళ కోత లేదు. గీసిన రోజు కొయ్యకూడదు. రేప్పొద్దున లేచి చూసినా ఈ గీత సరిగ్గానే ఉందనిపిస్తే అప్పుడు చూద్దాం."

"రేపు కూడా అనుమానమొస్తే?"

"ఇంకో రోజు. కోసింది అతకదు కదా తల్లీ."

ఆ రోజు ఆంటీ తెచ్చిన కోపీ, అదే ఇక్కడి కాఫీ, తాగుతూ నా సంగతులన్నీ చెప్పేశాను. గ్యాసు, కిటికీ, పిల్లల ఊపిరి. ఆయన ఓదార్చలేదు. భయం తగ్గించుకోమని చెప్పలేదు. "మా ప్లాంటులో ధైర్యవంతుల్ని కావలికి పెట్టేవాళ్ళం కాదు. వాళ్ళు పది నిమిషాల్లో దిక్కులు చూస్తారు. నీలాంటివాళ్ళు కావాలి. కాకపోతే నీకు డ్యూటీ దిగడం తెలీదు. చల్లారిందని ఎవరైనా చెప్తే నమ్మి లేవడం నేర్చుకో," అన్నారు. నేను నేర్చుకున్నాను. గ్యాస్ కట్టేశాక వేలి వెనక వైపు బర్నర్‌కు ఆనించి, "చల్లారింది" అని పైకే అనుకుని, లిఫ్టెక్కి వెళ్ళిపోయేదాన్ని. వెనక్కి వచ్చేదాన్ని కాదు. కొన్ని నెలల పాటు నేను అందరిలాంటి మనిషిగా ఉన్నాను. అది చిన్న సంగతి అనుకునేవాళ్ళు ఆ భయం ఎరగనివాళ్ళు.

ఎడమ మూల అలా కోశాం. కుడి మూల మీద నీలం టేపు అంటించి ఉండగానే ఆ ఖాళీ స్టూలు రోజు వచ్చింది. నేను ప్లగ్గు పీకేశాను. ఆయనకు మొదటిసారి నా మీద కోపం వచ్చింది. "అమ్మాయి కూర్చునుండగా నీకేం పని?" అన్నారు. ఆంటీ బయటికి వచ్చి ఆయన ముఖమూ, నా ముఖమూ చూసి, చేతిలో గరిటె ఉందన్న సంగతి మరిచిపోయి గడప మీద అలాగే కూర్చుండిపోయింది. కోసిన మూల ఇనప పట్టీ దాటి లోపలికి, అట్టకు గాని సుద్దకు గాని సంబంధం లేకుండా వంకరగా చీలిపోయి ఉంది.

ఆసుపత్రికి తీసుకెళితే తలలో గడ్డ అన్నారు. పెద్దదే అన్నారు. ఎప్పటి నుంచో ఉండి ఉంటుందన్నారు. అంటే నేను రవ్వలు చూస్తూ కూర్చున్న శనివారాలన్నిటిలోనూ అది అక్కడే, నాకు ఒక చెయ్యి దూరంలో, రాజుకుంటూనే ఉంది. నీళ్ళ బకెట్టు, తడి గోనె, రెండు కళ్ళూ పెట్టుకుని నేను కూర్చునే ఉన్నాను. కావలి ఎంత జాగ్రత్తగా ఉన్నా కనపడని చోట నిప్పు పడుతుందని ఆయన నాకు చెప్పలేదు. ఆయనకు తెలియదని అనుకోలేను. చెబితే స్టూలు మీద ఎవరు కూర్చుంటారు?

ఆసుపత్రిలో చివరిగా చూసినప్పుడు నన్ను గుర్తుపట్టారు. కనీసం ఆ స్టూలు మీది అమ్మాయినని గుర్తుపట్టారు.

"ఇక్కడ నించున్నావేం? అక్కడ రవ్వలు రాలుతున్నాయి. వెళ్ళి కూర్చో."

"కోత ఆగిపోయింది అంకుల్. చల్లారిందేమో చూడండి," అన్నాను. ఆయన నోటి వెంట ఆ ఒక్క మాట వింటే చాలనిపించింది.

ఆయన చెయ్యి మెల్లగా లేచింది. ఎప్పటిలాగే తిప్పి, చేతి వెనక వైపు మంచం పక్కనున్న ఇనప కడ్డీకి ఆనించారు. ఏసీ గదిలో మంచులా చల్లగా ఉన్న కడ్డీ. చాలాసేపు ఆనించి ఉంచి, చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కున్నారు.

"ఇంకా వేడిగానే ఉంది," అన్నారు. ఆయన నాతో అన్న ఆఖరి మాట అది.

జీపు ఇప్పుడు లేదు. ఒక మూల చీలిపోయి, ఇంకో మూల మీద నీలం టేపుతో, దాన్ని తుక్కు కింద లాక్కెళ్ళారు. ఆంటీ యీషున్‌లో చెల్లెలింట్లో ఉంటోంది. ఫోను చేస్తే పిల్లల గురించే అడుగుతుంది. నేను మళ్ళీ లిఫ్టు దాకా వెళ్ళి వెనక్కి వస్తున్నాను. బర్నర్‌కు వేలు ఆనిస్తాను, చల్లగానే ఉంటుంది, నమ్మలేను. ఇవాళ కూడా ఇది రాస్తూ లేచి వెళ్ళి పిల్లల ముక్కుల దగ్గర వేలు పెట్టి వచ్చాను. ఆయన నా చేతికిచ్చినదాంట్లో కూర్చోవడం మిగిలింది, లేవడం పోయింది.

ఆయన పోయిన మర్నాడు పొద్దున పిల్లలు బడికి వెళ్ళే బట్టలు వేసుకుని నిలబడ్డారు. నేను ఆంటీ దగ్గరికి బయలుదేరుతున్నాను. సంగతి అప్పటికే కిరణ్ చెప్పాడు. మేధ బూట్ల తాడు ముడివేసుకుంటూ తలెత్తకుండా, ఇక్కడి బడిపిల్లల ఇంగ్లీషులో అంది. "జీప్ తాతయ్య వర్క్ ఫినిష్ ఆల్రెడీ, కదా అమ్మా? దెన్ యూ నో నీడ్ టు గో లా."

"పని అయిపోయాక కూడా కావలి కాసేపు ఉండాలమ్మా. ఇవాళ బడి వద్దు. బూట్లు విప్పి చెప్పులు వేసుకోండి. మనం వెళ్ళి ఆ పోర్చిలో కూర్చుందాం," అన్నాను.

"హౌ లాంగ్?"

"చల్లారిందని చెప్పేదాకా."

"ఎవరు చెప్తారు?"

చిన్నవాడి చెప్పులు ఎడమా కుడీ మార్చి తొడుగుతున్నానని అప్పుడు చూసుకుని, విప్పి మళ్ళీ తొడిగాను.

"నాకు తెలీదు, మేధా," అన్నాను. "తమ్ముడి చెయ్యి పట్టుకో."