అక్క చెప్పిపెట్టిన పనులు

ఆ ఎండాకాలం కువైట్‌లో మా ఆయన పనిచేసే సబ్హాన్ వర్క్‌షాప్‌ను వారంపాటు మూసేశారు. పాత కోత మిషన్లు తీసేసి కొత్తవి బిగిస్తున్నారు. ఆయన అక్కడ వడ్రంగి మేస్త్రీ. సెలవు దొరికితే కడుపునిండా నిద్రపోయే మనిషి. ఈసారి మాత్రం మొదటిరోజు పొద్దున్నే రంగు డబ్బాలు, బ్రష్షులు, కింద పరచడానికి పాత దుప్పట్లు తెచ్చి హాల్లో పెట్టాడు.

"లెయ్‌మే. ఈ వారం ఇల్లు బాగుచేసుకుందాం. సాయంత్రం పూట పిల్లోళ్లను యాడికన్నా తీస్కపోదాం" అన్నాడు.

సరే అన్నాను. ఆ రోజుల్లో నేను అన్నిటికీ సరే అనేదాన్ని.

మార్చిలో మా అక్క పోయింది. రుమైథియాలో ఒక కువైటీ ఇంట్లో ఏళ్ల తరబడి వంట చేసేది. పెళ్లి చేసుకోలేదు. నన్ను చదివించింది తనే, నా పెళ్లి చేసింది తనే. మా ఆయన ఈ దేశం రావడానికి దారి చూపిందీ తనే. ఒకరోజు మధ్యాహ్నం ఆ ఇంటి వంటగదిలో కుప్పకూలింది. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. మేం ఇంట్లో తెలుగే మాట్లాడే రాయచోటి ముస్లింలం. మాలో ఆలస్యం చేయరు. మరునాడే సులైబిఖాత్ ఖబరస్తాన్‌లో మట్టి చేశారు. మా ఆయన వెళ్లి మట్టి పోసి వచ్చాడు. నేను ఇంట్లోనే ఉన్నాను. వచ్చినవాళ్లంతా ఏడువమ్మా, ఏడిస్తే తేలికవుతుంది అన్నారు. ఏడుపు రాలేదు. చేతికి మత్తు సూది వేశాక గిల్లినా తెలియదు చూడండి, అలా ఉండేది ఒళ్లంతా. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ అక్క మాట ఎత్తలేదు. ఎత్తితే నాకేమవుతుందోనని వాళ్ల భయం. నాకేమీ కాదని నాకు తెలుసు.

హాలు గోడకు ఒక మూల చెమ్మ పట్టి పెచ్చులు ఊడుతుండేది. ఆయన దాన్ని గీకి, పుట్టీ పెట్టి, ఆరాక రంగు వేశాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను. ఏసీ ఎంత పెంచినా రంగు వాసన పోలేదు. మా చిన్నది మూడో తరగతికి వెళ్లబోతోంది. ముక్కు మూసుకుని ఇల్లంతా తిరిగింది. పెద్దది తొమ్మిదో తరగతికి. అది బ్రష్షు అందుకుని కింది వరుస తనే వేసింది. మధ్యలో చేతులు కడుక్కుందామని కుళాయి తిప్పితే మరిగే నీళ్లు వచ్చాయి. మిద్దె మీది ట్యాంకులు ఈ నెలల్లో అంతే. ఆ నీళ్ల కింద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాను. పెద్దది వచ్చి కుళాయి కట్టేసింది.

సాయంత్రం సముద్రం ఒడ్డుకు వెళ్లాం. గాలి కూడా తడిగుడ్డలా ఉంది. పిల్లలు మొక్కజొన్న కంకులు తిన్నారు. ఆయన నాకూ ఒకటి ఇచ్చాడు. తిన్నాను. ఉప్పు ఎక్కువైందని చిన్నది అంటే అప్పుడు తెలిసింది నాకు, ఉప్పు ఎక్కువైందని.

మరునాడు బాత్రూము తలుపు పట్టాడు. అది నేలకు రాసుకుని కీచుమనేది. విప్పి, అడుగున చిత్రిక పట్టి మళ్లీ బిగించాడు. ఆ మరునాడు వంటగదిలో అలమర. అది నాకు అందనంత ఎత్తులో ఉండేది, స్టూలు వేసుకుని డబ్బాలు దించేదాన్ని. దాన్ని విప్పి జానెడు కిందికి దించి బిగిస్తుంటే పెద్దది గుమ్మంలో నిలబడి చూసింది.

"పెద్దమ్మ చెప్పినట్లే దించినావు అబ్బా" అంది వాళ్ల నాన్నతో.

ఆయన స్క్రూలు బిగిస్తూ ఉన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. అక్క సెలవు రోజు ఫర్వానియాలోని మా ఇంటికి వచ్చినప్పుడల్లా వీటినే చూసి గొణిగేది. ఆ చెమ్మ గోడ మీద చెయ్యి పెట్టి "ఎన్నాళ్లు ఇట్లే పెట్టుకుంటార్రా" అనేది. తలుపు కీచుమంటే "మీ ఇంట్లో ఎవరు నీళ్లు పోసుకుంటాండారో ఫర్వానియా అంతా తెలుస్తాది" అనేది. ఆ అలమరను చూసి "మేస్త్రీ ఇంట్లో మేకు కొట్టే దిక్కు లేదు" అని నవ్వేది. ఆయనేమో "చేస్తాలే అక్కా, సెలవు దొరకనీ" అనేవాడు.

ఇదంతా తెలిసినా నాకేమీ అనిపించలేదు. డబ్బాలు తుడిచి కొత్త ఎత్తులో పేర్చాను. స్టూలు అక్కర్లేకుండా కందిపప్పు డబ్బా అందింది. అంతే.

ఆ సాయంత్రమే రుమైథియా నుంచి ఫోను వచ్చింది. అక్క వస్తువులు ఉన్నాయి, వచ్చి తీసుకుపొమ్మని. పనివాళ్లందరూ ఆ ఇంటి పెద్దామెను అమ్మ అనే అర్థంలో మామా అనేవారు, మాకూ ఆమె మామానే. మర్నాడు అందరం వెళ్లాం. ఎవరో పనిమనిషి తలుపు తీస్తుందనుకున్నాను. మామానే కర్ర పట్టుకుని వచ్చింది. నన్ను చూసి కర్ర వదిలేసి నా మెడ పట్టుకుని ఏడ్చింది. వయసైన మనిషి, బరువంతా నా మీద వేసింది. ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఆమె భుజం మీదుగా హాల్లో కిటికీ కనిపిస్తోంది. ఈ రంగు పరదాలు మా హాలుకు బాగుంటాయి, కొలత చూసుకోవాలి అనుకున్నాను. అలా అనుకున్నానని నాకు స్పష్టంగా గుర్తుంది.

కూర్చోబెట్టింది. చాయ్, ఖర్జూరాల కేకు తెప్పించింది. నేను ముట్టుకోలేదు. ఆమె కళ్లు తుడుచుకుని పళ్లెం నా ముందుకు జరిపి, "తినుమే. కడుపు మాడ్చుకుంటే ఎట్లా?" అంది.

పిల్లలిద్దరూ తల ఎత్తి చూశారు. తెలుగులో అంది. అచ్చం మా రాయచోటి యాసలో. ఆ 'మే' దగ్గర గొంతు కొంచెం సాగదీసి, అక్క ఎలా సాగదీసేదో అలాగే.

"ఈ మాట మీకెట్లా వచ్చు మామా?" అని మా ఆయన అరబీలో అడిగాడు.

"ఆయన పోయినప్పుడు నేను తిండి మానేశాను. మీ అక్క రోజూ పళ్లెం తెచ్చి నా ముందు కూర్చుని ఇదే అనేది. తినేదాకా లేచేది కాదు. అర్థం ఏమిటని నేనెప్పుడూ అడగలేదు, అడగాల్సిన పని పడలేదు" అంది మామా. ఆయన అంటే ఆమె భర్త.

నేను కేకు తిన్నాను. ఇంకో ముక్క పెట్టింది, అదీ తిన్నాను. ఆమె నన్నే చూస్తూ కూర్చుంది.

అక్క పెట్టెలో చీరలు, నొప్పుల మందు, కుక్కరు రబ్బర్లు ఉన్నాయి. పిల్లలకని కొన్న గౌన్లు ఉన్నాయి. చిన్నదాని గౌను దానికి అప్పుడే పొట్టిగా ఉంది.

శుక్రవారం ఎండ ముదరకముందే ఖబరస్తాన్‌కు పోదామా అని అడిగాడు ఆయన. సరే అన్నాను. అక్కడ పెద్ద పెద్ద గోరీలేమీ ఉండవు. ఇసుక, చిన్న రాతి పలకలు, వరుసలు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఆయన ముందు నడిచాడు, మేం వెనక నడిచాం. ఒక వరుస చివరిదాకా పోయి వెనక్కి తిరిగాడు. పక్క వరుసకు పోయాడు. తలకు కట్టుకున్న తువాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"ఈడనే. ఈ పక్కనే" అన్నాడు. మళ్లీ ఇంకో వరుస. పిల్లలు నా చేతులు పట్టుకున్నారు.

కొంచెం దూరంలో ఆయన ఆగిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. దగ్గరికి వెళ్లాను.

"నేనే మట్టి పోసినా మే. ఈ చేతుల్తోనే పోసినా. యాడుండాదో నాకే గుర్తులేదు" అని కూలబడి ఏడ్చాడు. పెళ్లయినప్పటినుంచి ఆయన ఏడవగా నేను చూడలేదు. వారమంతా నిచ్చెన దిగకుండా పనిచేసిన మనిషి చిన్నపిల్లాడిలా ఏడుస్తుంటే పిల్లలు బెదిరిపోయారు.

నేను పక్కన కూర్చున్నాను. సీసాలో నీళ్లు ఆయన తల మీద కొంచెం పోసి, మిగతావి తాగించాను. "అక్క యాడికీ పోదులే. నిదానంగా వెతుకుదాం, లెయ్" అన్నాను. అక్క అనే మాట అన్ని నెలల తర్వాత నా నోట్లోంచి వచ్చింది. వచ్చినా ఏమీ కాలేదు.

కాపలా మనిషి వచ్చి, పోయిన తేదీ అడిగి, మమ్మల్ని తీసుకెళ్లి చూపించాడు. మేం వెతికిన చోటికి రెండు వరుసల అవతల. ఆయన, పిల్లలు దువా చేశారు. నేను ఇసుకను చూస్తూ నిలబడ్డాను. కాళ్లు కాలుతున్నాయని చిన్నది అంటే వెనక్కి వచ్చేశాం.

దారిలో మలయాళీ హోటల్లో పరోటాలు తిన్నాం. ఆయన కళ్లు వాచి ఉన్నాయి, అయినా ఆకలితో తిన్నాడు. చాయ్ వచ్చాక గ్లాసును చూస్తూ, "మీ అక్క ఈ చాయ్ తాగుంటే తిట్టేది. చక్కెర పాకం అనేది" అన్నాడు.

"తిట్టి, ఇంకోటి అడిగేది" అంది పెద్దది.

అందరం ఒకసారి ఒకరినొకరు చూసుకున్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. చిన్నది పెద్దమ్మ గురించి ఇంకేదో చెప్పడం మొదలుపెట్టింది, పెద్దది కాదంది, కారెక్కినా అదే వాదన.

ఇక్కడ వారం మొదలయ్యేది ఆదివారమే, ఆ రోజు ఆయన పనిలోకి వెళ్లిపోయాడు. నా మొద్దుబారడం ఆ వారంతో పోలేదు. చలికాలం దాకా ఉంది, తర్వాత కొంచెం కొంచెంగా వదిలింది. ఏ రోజు వదిలిందంటే చెప్పలేను. కానీ ఆ శుక్రవారం నుంచి మా ఇంట్లో అక్క మాట మామూలుగా వస్తూ పోతూ ఉంది. కూరలో కారం ఎక్కువైనా, ఎవరైనా ఆలస్యంగా లేచినా, పెద్దమ్మ ఉంటేనా, అని ఎవరో ఒకరు అంటారు. ఆమె ఏమనేదో తక్కినవాళ్లం చెబుతాం.