నాన్నకూ చిన్నాన్నకూ మధ్య ఒక రొయ్యల వాగు

మా చిన్నతనంలో... మొదటి పెద్ద యుద్ధం ముగిసిన కొత్తల్లో... మా తాతలు చెరకు పనికి వలసొచ్చిన దీవిలో, షెమాన్ గ్రెనియే అనే ఊళ్ళో ఒకే పెరటికి అటూ ఇటూ రెండు ఇళ్ళు మావి. ఒకదాంట్లో మేము, రెండోదాంట్లో చిన్నాన్న, పిన్ని.

నాన్నా చిన్నాన్నా మాట్లాడుకునేవారు కాదు!

పొలం గొడవేమో అనుకునేరు... అదేం కాదు. రామభజనలో నాన్న పాడుతూ పాడుతూ ఒక చరణం మరిచిపోయాడు. వెనక తాళం వేస్తున్న చిన్నాన్న ఊరందరి ముందూ ఫక్కున నవ్వాడు. అంతే! చెరకు నరకడం మొదలుకాక ముందు జరిగిన ముచ్చట అది. నరకడం పూర్తయినా ఇద్దరి మూతులూ విచ్చుకోలేదు.

"బుల్లీ, రేపు బండి నాకు కావాలని మీ చిన్నాన్నకు సెప్పు," అనేవాడు నాన్న. చిన్నాన్న చేతికందే దూరంలోనే కూర్చుని ఉండేవాడు!

"బుల్లీ, తీసుకోమని మీ నాన్నకు సెప్పు," అనేవాడు ఆయన.

నేను అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి అప్పజెప్పాలి. చెప్పకపోతే ఇద్దరూ కలిసి కళ్ళెర్రజేసేవారు... ఆ ఒక్క విషయంలో మాత్రం అన్నదమ్ములకు భలే పొత్తు!

చివరికి మా అవ్వకే ఒళ్ళు మండింది. "అందరం కొండకెల్దాం. మీ తాత ఉన్నప్పుడు ఏటేటా ఎల్లేవాళ్ళం. ఓ రాత్రి ఉండి రొయ్యలు పట్టుకొద్దాం," అని తేల్చేసింది. అవ్వ మాటకు ఆ ఇంట్లో ఎదురు లేదు.

చెరకు తోటలు దాటేదాకా ఎడ్లబండి, ఆపైన నడక. అమ్మ నెత్తిన పులిహోర గంప. పిన్ని నెత్తిన బియ్యం, గిన్నెలు. నాన్న అందరికన్నా ముందు, చిన్నాన్న అందరికన్నా వెనక. దారి చీలిన ప్రతిచోటా నేను వెనక్కి పరిగెత్తి అడిగి, ముందుకు పరిగెత్తి చెప్పాలి. అందరూ ఒకసారి ఎక్కిన కొండ నేను రెండుసార్లు ఎక్కాను!

వాగు ఒడ్డున అరటాకుల్లాంటి వెడల్పాటి రావెనాల ఆకులతో పాక వేయాలి. నాన్న ఇటు ఒకటి మొదలెట్టాడు. చిన్నాన్న అటు ఇంకొకటి. ఒక పాకకు సరిపడే ఆకులతో రెండు సగం పాకలు లేచాయి... రాత్రి కురిసిన చినుకులకు అందరం సమానంగా తడిశాం. ఇవి చాలవన్నట్టు కోతులు పులిహోర గంపను గుట్ట మీదికి ఈడ్చుకుపోయాయి. అమ్మ "మో బోంజే... ఓరి దేవుడో!" అంటూ నడుం పట్టుకుని కూలబడింది.

తెల్లారింది. నాన్న, ముందురోజు నీళ్ళలో పెట్టిన కాజియేను, అంటే రొయ్యలు పట్టే వెదురు బుట్టను, తీయడానికి వాగులోకి దిగాడు. పైన కొండ మీద వాన గట్టిగా పడుతున్నట్టుంది... చూస్తుండగానే నీళ్ళు ఎర్రబడ్డాయి. మోకాళ్ళ దాకా ఉన్న వాగు నడుం దాకా వచ్చింది. నాన్న మాత్రం వంగి బుట్టతోనే పెనుగులాడుతున్నాడు.

ఒడ్డున నా పక్కనే ఉన్న చిన్నాన్న మొహం పాలిపోయింది. అయినా ఏమన్నాడో తెలుసా?

"బుల్లీ! వాగు పొంగతంది, పైకి రమ్మని మీ నాన్నకు సెప్పు!"

నాకు ఎక్కడలేని ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నేను సెప్పను! నీ అన్నే కదా, నువ్వే సెప్పుకో!" అని అరిచాను.

చిన్నాన్న ఒక్క క్షణం నావంక చూశాడు. "అన్నా! ఒదిలెయ్! ఒడ్డుకు రా!" అని గొంతు చించుకుంటూ వాగులోకి దూకాడు. అంతలో నాన్న కాలు జారింది. చిన్నాన్న ఆయన్ను చంకల కింద పట్టుకుని, రాళ్ళ మీదుగా ఒడ్డుకు లాక్కొచ్చాడు. కాజియే వాగులో కొట్టుకుపోయింది.

ఇద్దరూ బురదలో రొప్పుతూ కూర్చున్నారు. పిన్ని ఏడుస్తోంది. అవ్వ రెండు చేతులూ జోడించింది. ఇప్పుడు కౌగిలించుకుంటారు అనుకున్నాను...

"కాజియే ఏల ఒదిలేసినావురా? నిండా రొయ్యలే!" అన్నాడు నాన్న.

"అవును, నిన్నొదిలేసి దాన్ని పట్టుకోవాల్సింది!" అన్నాడు చిన్నాన్న.

ఇక చూసుకోండి... కొండ దిగినంతసేపూ, బండి ఎక్కాకా, అరుపులే అరుపులు. భజన సంగతి కూడా బయటికొచ్చింది. "ఆ చరణం నీకొచ్చేటి?" అని నాన్న. "రాకేం!" అంటూ చిన్నాన్న అక్కడే ఎత్తుకున్నాడు. "తప్పు, తప్పు!" అంటూ నాన్న ఇంకా పెద్ద గొంతుతో అందుకున్నాడు. అమ్మా పిన్నీ చెవులు మూసుకున్నారు. అవ్వ మాత్రం, "అరుసుకోనీండి," అని హాయిగా కునుకు తీసింది. ఒక్క రొయ్య తినలేదు. ఇంటికొచ్చి ఉడకేసిన మాన్యోక్ దుంపలతో సరిపెట్టుకున్నాం.

ఇప్పుడు ఆ పెరడు మధ్యలో గోడ ఉంది. నాన్నా లేడు, చిన్నాన్నా లేడు. మా పిల్లలు, చిన్నాన్న మనవలు ఎంతో మర్యాదగా ఉంటారు... పండక్కి పలకరించుకుంటారు, ఎవరూ గొంతు పెంచరు. అలగడానికైనా మనిషి మీద కాస్త పట్టింపు ఉండాలి కదా...

మీ ఇళ్ళలోనూ ఇలాంటి మొండివాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ సంగతులు రాయండి... విసుక్కుంటూనే చదువుకుంటాను.