శేషన్న తొందరపాటు

శేషన్నలో పది మంచి గుణాలున్నాయి. చెడ్డ గుణం ఒక్కటే. ఎనిమిదేళ్ల నా ఆదివారాలను మట్టిపాలు చేయడానికి ఆ ఒక్కటి చాలింది.

కోయిలకుంట్లలో జమ్మలమడుగు రోడ్డు మీద వాడికి మోటార్ వైండింగ్ షాపు ఉంది. రైతులు కాలిపోయిన బోరు మోటార్లు తెచ్చి వాడి ముందు పడేస్తారు. వాడు పాత రాగి తీగంతా పీకేసి, ఒక్కో చుట్టూ లెక్కపెట్టుకుంటూ కొత్త తీగ చుడతాడు. లెక్క తప్పితే మోటారు మళ్ళీ కాలుతుంది. పక్కన నిలబడిన రైతు "ఇంకా ఎంతసేపప్పా, పైరు ఎండిపోతాండాది" అని ప్రాణం తీస్తున్నా వాడు తల ఎత్తడు. అంత ఓపిక ఉన్నవాడు చేప దగ్గర మాత్రం పిచ్చివాడయిపోతే ఎవరికైనా ఒళ్ళు మండుతుందా లేదా?

నేను లెక్కల సారును. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో పనిచేసి రిటైరయ్యాను. శేషన్న ఎనిమిది నుంచి పది దాకా నా దగ్గరే చదివాడు. చదివాడనడం మర్యాద కోసమే. చివరి బెంచీలో కూర్చుని కిటికీలోంచి బయటికి చూసేవాడు. నేను "శేషన్నా!" అని ఒక్క కేక వేస్తే ఉలిక్కిపడి నిలబడేవాడు. ఇప్పుడు వాడికి నలభై ఆరేళ్లు, ఇద్దరు పిల్లలు, జుట్టు సగం నెరిసింది. అయినా నేను షాపుకు పోతే స్టూలు మీద నుంచి లేచి నిలబడతాడు. అది కూడా మంచి గుణాల్లోనే వేశాను.

రిటైరయిన ఏడాది మా తోటలో మోటారు కాలిపోతే వాడే వచ్చాడు. బండికి పక్కన గాలం రాడ్డు కట్టి ఉంది. ఇదేమిట్రా అని అడిగాను. "ఆదివారం కొర్రమీనుకు పోతా సార్" అన్నాడు సిగ్గుపడుతూ. ఆ ఆదివారమే వాడి బండి వెనక ఎక్కాను. అప్పటినుంచి మా ఆవిడ రామసుబ్బమ్మకు ఆదివారం పూట ఇల్లు నిశ్శబ్దంగా ఉంటోంది. ఆమె ఆ సంగతి అందరికీ సంతోషంగా చెప్పుకుంటుంది.

నేను గాలం పట్టను. భుజం నొప్పి. గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుంటాను. పట్టేవాళ్ళు తప్పులు చేస్తుంటే చెప్పడానికి ఒకరుండాలి కదా. జిరాక్స్ షాపు జయకుమార్ పది నిమిషాలకొకసారి ఎర మారుస్తాడు. వాడికి దేని మీదా నమ్మకం లేదు. లైన్‌మన్ ఏసురాజు ఎండకు వీపు పెట్టి నిలబడతాడు, వాడి నీడ నీళ్ల మీద పడి చేపలన్నీ పారిపోతాయి. ఈ సంగతులు వాళ్లకు ప్రతి ఆదివారం చెబుతాను. ఏసురాజు ఈమధ్య మమ్మల్ని చూస్తే వేరే గట్టుకు పోతున్నాడు. మంచి చెబితే పడని రోజులు.

శేషన్న అలా కాదు. వాడికి నీళ్లు చదవడం తెలుసు. కొర్రమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది. జమ్ము గడ్డి మధ్యలో గుటక వేసినట్టు చిన్న చప్పుడవుతుంది, అంతే. మనం తల తిప్పేలోపల ఏమీ ఉండదు. శేషన్న ఆ చప్పుడు విని ఎంత చేపో చెబుతాడు. తామరాకుల మధ్య అన్నం పళ్ళెమంత ఖాళీ ఉంటే, ఇరవై గజాల దూరం నుంచి ఎరగా కట్టిన రబ్బరు కప్పను సరిగ్గా అందులో వేస్తాడు. అలా వేయగలవాడు ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను.

అసలు విద్య ఆ తర్వాత ఉంది. రబ్బరు కప్ప కడుపు దగ్గర కొక్కేలు దాగి ఉంటాయి. దాన్ని ఆకుల మీద గెంతిస్తూ లాగుతుంటే కింద నుంచి కొర్రమీను వచ్చి మీద పడుతుంది. నీళ్లు భళ్లున లేస్తాయి. అప్పుడు లాగకూడదు. చేప కప్పను నోట్లోకి తీసుకుని కిందికి మళ్లాలి, దారానికి బరువు తగలాలి, అప్పుడు రాడ్డు ఎత్తాలి. ముందే లాగితే కప్ప వట్టిగా ఎగిరొచ్చి గట్టు మీద పడుతుంది. శేషన్నకు ఇది నాకంటే బాగా తెలుసు. జయకుమార్‌కు నేర్పింది కూడా వాడే. కానీ నీళ్లు లేచిన మరుక్షణం వాడి చెయ్యి లేస్తుంది. కప్ప వచ్చి నా గొడుగు మీద పడుతుంది.

చిన్న చేపలు ఎలాగో పడతాయి, ఆత్రంగా మింగేస్తాయి కాబట్టి. పెద్దవాటితోనే చిక్కు. ఇన్నేళ్లలో వాడి చేతికి రెండు కిలోలు దాటిన చేప రాలేదు.

పోయిన ఎండాకాలం జమ్ముకుంటలో ఒక కొర్రమీను కనిపించింది. కుంట మా ఊరికి ఆరు కిలోమీటర్లు. శేషన్న దాన్ని గాలి పీల్చేటప్పుడు చూశాడు. తల నా పిడికిలి కంటే పెద్దదన్నాడు. నాలుగు కిలోలకు తక్కువ ఉండదన్నాడు. ఆ రోజు నుంచి వాడికి వేరే ధ్యాస లేదు. షాపులో, ఇంట్లో అదే మాట. వాడి భార్య మహేశ్వరి ఒకసారి నాతో "సార్, మీరన్నా ఆ చేపను పట్టియ్యండి. నిద్రలో గూడా రాడ్డు ఎత్తుతాండాడు" అని మొరపెట్టుకుంది.

మూడుసార్లు అది కప్ప మీద పడింది. మూడుసార్లూ శేషన్న తొందరపడ్డాడు. ఒకసారైతే దాని పొట్ట తెల్లగా కనిపించింది. ప్రతిసారీ నేను కష్టపడి, అరిచి, జాగ్రత్త చెప్పి, వాడి వెంట వాడికంటే ఎక్కువ ఆయాసపడ్డాను. ఏం లాభం?

ఇంతలో పంచాయతీవాళ్లు కుంటను చేపలకు వేలం వేశారు. ఒకటో తేదీ నుంచి కుంట పాటదారుడిది. అతను బొచ్చె, రాగండి చేపపిల్లల్ని వదులుతాడు. వాటిని తినేస్తుందని ముందు వల వేయించి కొర్రమీనునే ఏరేయిస్తాడు. ఆ పైన బయటివాళ్లు గాలం వేయడానికి లేదు. మాకు మిగిలింది రెండు ఆదివారాలు.

"ఒక్కసారి దాన్ని చేత్తో పట్టుకోవాల సార్. వలలో పడి పోతే నాకు శానా బాధ" అన్నాడు శేషన్న.

సరే, వీడిని దారిలో పెట్టాలనుకున్నాను. బుధవారం షాపుకు పోయాను. వాడు తీగ చుడుతున్నాడు. చప్పుడు కాకుండా వెనక చేరి ఒక ఇనుప ప్లేటు దభాలున కింద పడేశాను. పక్క టీ కొట్టులో వాళ్లు లేచి వచ్చారు. శేషన్న చెయ్యి కదల్లేదు. "నూట పన్నెండు" అని చుట్టు ముగించి, అప్పుడు వెనక్కి తిరిగి "ఏం సార్, దెబ్బ తగిలిందా?" అన్నాడు. ఇదీ వరస. ఇక్కడ బండరాయి, అక్కడ కప్ప కంటే ముందే గెంతుతాడు. నాకేమీ అంతుబట్టలేదు.

ఆదివారం పొద్దున్నే కుంట చేరాం. జయకుమార్ కూడా వచ్చాడు, ఫోను పట్టుకుని. చేపను పడితే వీడియో తీద్దామని కాదు, తప్పిపోతే తీసి గ్రూపులో పెట్టి నవ్వుదామని. ఎనిమిదింటికి జమ్ము పక్కన గుటక వినిపించింది. శేషన్న వంగి, మెల్లగా మూడడుగులు వేసి, కప్పను విసిరాడు. ఏం విసురు! జమ్ము మొదట్లో ఆకును తాకీ తాకనట్టు పడింది. ఒక గెంతు. ఆగాడు. ఇంకో గెంతు.

నీళ్లు లేచాయి. "శేషన్నా, లాగొద్దు! ఆగు!" అని అరిచాను. కప్ప వట్టిగా వచ్చి జయకుమార్ కాళ్ల దగ్గర పడింది.

నాకు పట్టరాని కోపం వచ్చింది. నోటికి వచ్చినట్టు తిట్టాను. "ఎనిమిదో తరగతిలో ఎట్లా ఉన్నావో ఇప్పుడూ అట్లే ఉన్నావు" అన్నాను. వాడు దారం చుట్టుకున్నాడు. తిరుగుదారిలో బండి మీద వాడి వీపు చూస్తూ, ఇంతటి మంచివాడికి ఇంత చిన్న విషయం ఎందుకు రాదని నిజంగా బాధపడ్డాను.

గురువారం సాయంత్రం శేషన్న మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడి, "సార్, ఈ ఆదివారం నేనొకణ్ణే పోతా" అన్నాడు.

"ఎందుకు?"

వాడు ఫోను తీసి జయకుమార్ తీసిన వీడియో చూపించాడు. కుంట, జమ్ము, వాడి వీపు కనిపించాయి. నీళ్లు లేచాయి. రాడ్డు కదల్లేదు. అప్పుడు నా గొంతు వినిపించింది, ఫోను అదిరిపోయేంత గట్టిగా, "శేషన్నా!" అని. ఆ తర్వాత రాడ్డు లేచింది.

"మళ్ళీ పెట్టు" అన్నాను. పెట్టాడు. ఐదుసార్లు చూశాను. ఐదుసార్లూ గొంతు ముందు, రాడ్డు తర్వాత. లెక్కల సారును, వరస తప్పు చదవలేను కదా.

"నేను ఆగమంటున్నాను కదరా అందులో" అన్నాను చివరికి.

"మీరు ఏమంటాండారో నాకు తెలీదు సార్. మీ కేక ఇనపడితే సాలు, ఒళ్ళు దానంతట అదే లేస్తాది. చిన్నప్పటినుంచి అంతే. నాకూ ఈ వీడియో సూసేదాకా తెలీదు" అన్నాడు శేషన్న. వాడి కళ్లలో నీళ్లున్నాయి. సారును రావొద్దనడం వాడికి చేప తప్పిపోవడం కంటే కష్టంగా ఉంది.

నాకు జాలి వేయలేదు. మంటెత్తింది. "పో, పోయి పట్టుకో. నీ తొందరకు నన్ను అడ్డం పెట్టుకో" అన్నాను. వాడు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. వంటింట్లోంచి రామసుబ్బమ్మ, "ఇన్నేండ్లకు ఒకరన్నా చెప్పినారు. నేను చెప్తే ఎప్పుడన్నా ఇన్నావా?" అంది. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాను.

ఆదివారం ఇంట్లోనే ఉన్నాను. పేపరు చదివాను, పాత క్యాలెండరు తీసి కొత్త మేకు కొట్టాను, తోటలో పనివాళ్లకు ఫోను చేసి వాళ్లు చేయని తప్పులు కూడా చెప్పాను. ఎనిమిదైంది. ఇప్పుడు గుటక వినిపించి ఉంటుంది. తొమ్మిదైంది. వాడు ఖచ్చితంగా పోగొట్టుకుంటాడు, అప్పుడు తెలుస్తుంది తప్పెవరిదో అనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, వాడికి ఆ చేప పడకూడదని కోరుకున్నాను.

పదకొండుకు వాకిట్లో బండి ఆగింది. శేషన్న తడి గోనెసంచి దించి విప్పాడు. నల్లటి వీపు, తల నిజంగానే నా పిడికిలి కంటే పెద్దది. ఇంకా మొప్పలు ఆడుతున్నాయి. "నాలుగు కిలోల రెండొందలు సార్" అన్నాడు. వాడి చొక్కా ముందంతా బురద. చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు.

"షాపులో చుట్లు లెక్కపెట్టినట్టు ఎంతదాకా లెక్కపెట్టి లాగావు?" అని అడిగాను.

"లెక్కేం పెట్టలేదు సార్. నిమ్మళంగా ఉండె. బరువు తగిలింది, లాగినా."

నాకు సంతోషం వేసింది. దానికి రెట్టింపు కడుపు మండింది. ఎనిమిదేళ్లు, వాడి చేతికి దక్కాల్సిన ఎన్ని చేపల్ని నేను గట్టు మీద కూర్చుని తరిమేశానో ఎవరు చెప్పగలరు? ఆ చేపలో సగం మాకు ఇచ్చిపోయాడు. రామసుబ్బమ్మ పులుసు చాలా బాగా పెట్టింది. నాకు మింగుడుపడలేదు.

వారమంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. ఇక చేపల జోలికి పోను. వాడు పిలిచినా రానని చెబుతాను. గౌరవంగా తప్పుకోవడం మంచిది. ఆదివారం తెల్లారక ముందే మెలకువ వచ్చింది. స్నానం చేసి, ఊరికే వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆరుకు వీధి చివర బండి చప్పుడైంది. లేచి గేటు దాకా పోయి మళ్ళీ వచ్చి కూర్చున్నాను. బండి వచ్చి మా గేటు ముందే ఆగింది.

"రాండి సార్. కుంట పాటదారునిదైపాయ గదా, ఈపొద్దు మైదుకూరు తట్టు కేసీ కాలవకు పోదాం" అన్నాడు శేషన్న.

నేను రానని చెప్పడానికి నోరు తెరిచాను. "నేనెందుకురా అడ్డం" అని మాత్రం వచ్చింది.

వాడు హాయిగా, ఏ కల్మషమూ లేకుండా నవ్వాడు. "ఆ కాలవలో పావుకిలో చేపలు తప్ప ఇంకేం లేవు సార్. మీరు ఎంత గట్టిగా అరిసినా ఏం కాదు."

నేను గొడుగు తీసుకుని బండెక్కాను. ఆళ్లగడ్డ దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. టీ తాగడానికి ఆపినప్పుడు శేషన్న నా మొహంలోకి చూసి భయపడ్డాడు.

"ఏం సార్, ఒంట్లో బాగలేదా?"